పెళ్ళి కెమెరా, చావు కెమెరా

పాత సామాను అమ్మాలంటే ముందు ఇంట్లోవాళ్ళను ఒప్పించాలి, తర్వాత బంధువులను ఒప్పించాలి, ఆఖర్న కొనేవాణ్ణి ఒప్పించాలి. నా రెండు కెమెరాల విషయంలో ఈ మూడూ నా చేత కాలేదు. అమ్మొద్దని చెప్పినవాళ్ళలో ఒక్కరి ఇంట్లోనూ వాటికి చోటు లేదు. అమ్మేయమని చెప్పినవాళ్ళకు వాటి సంగతి తెలియదు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

మదనపల్లెలో నా స్టూడియో ఉన్న పాత మిద్దెను పడగొట్టి కాంప్లెక్స్ కడతానన్నాడు దాని యజమాని. నాకూ విసుగెత్తిపోయి ఉంది. ఫోటో స్టూడియో అన్న బోర్డు కింద కూర్చుని పొద్దస్తమానం ఆధార్ కార్డులు జెరాక్స్ తీయడం ఆ బోర్డుకే అవమానం. సరేనని ఖాళీ చేశాను. కంప్యూటరు, ప్రింటరు, వెనకాల కట్టే నీలం గుడ్డ, గొడుగు లైట్లు ఎవరెవరో పట్టుకుపోయారు. మిగిలినవి రెండు రీలు కెమెరాలు. ఒకే రకం, మా నాయన ఒకేసారి కొన్నవి. పక్కపక్కన పెడితే కవల పిల్లలనుకోవాల్సిందే. కానీ ఒకటి పెళ్ళి కెమెరా, ఇంకొకటి చావు కెమెరా.

ఇది ఇప్పటివాళ్ళకు వివరించడానికి నాకు ఓపిక లేదు. అయినా చెప్పక తప్పదు. మా పక్క పల్లెల్లో మనిషి పోతే ఫోటో తీయించేవాళ్ళు. పోయిన మనిషికి స్నానం చేయించి, కొత్తబట్ట కట్టి, నుదుట రూపాయి బిళ్ళ పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళు. జారిపోకుండా తువ్వాలుతో కుర్చీకి కట్టేవాళ్ళు. మెడలో పూలదండ, చుట్టూ ఇంటిల్లిపాదీ. చాలామంది ముసలివాళ్ళకు జన్మకంతా అదొక్కటే ఫోటో. బతికున్నప్పుడు ఒక్కటి తీయించండప్పా అని మా నాయనా నేనూ ఊరూరా మొత్తుకున్నాం. ఎవరు విన్నారు? పొద్దున పాలు పిండి పాలకేంద్రంలో పోయడానికి తీరిక ఉంటుంది గానీ స్టూడియోకి వచ్చి కూర్చోవడానికి ఉండదు.

మా నాయన పుంగనూరులో స్టూడియో పెట్టిన కొత్తల్లో ఆయన దగ్గర ఒకే కెమెరా ఉండేది. ఒక పెళ్ళిలో, ముందురోజు ఆయన ఎవరింటికి పోయి ఏ ఫోటో తీసొచ్చాడో ఆడపెళ్ళివారికి తెలిసిపోయింది. ముహూర్తం ముందర గొడవ. "నేను తలకు పోసుకునే వచ్చినానమ్మా," అన్నాడట మా నాయన. పెళ్ళికూతురి అవ్వ ఒప్పుకోలేదు. "మనిషైతే తలకు పోసుకుంటాడప్పా. కెమెరాకు ఎట్ల పోస్తావు?" అనిందట. ఆ మాట మీద మా నాయన ఉన్నదాన్ని అమ్మేసి, ఒకే రకానివి రెండు కొన్నాడు.

అప్పటినుంచి పెళ్ళి కెమెరా ఇంట్లో బీరువాలో పట్టుచీరల పక్కన ఉండేది. దాని పట్టీకి పసుపు దారం. చావు కెమెరా ఖాకీ సంచీలో, స్టూడియో చీకటి గదిలో మేకుకు వేలాడేది. అది మా ఇంటి గడప ఏనాడూ దాటలేదు. నాయన తర్వాత నేను మదనపల్లెలో స్టూడియో పెట్టినా ఆ పద్ధతి మారలేదు.

స్టూడియో పోయింది గనక చావు కెమెరా ఇంటికి రావాల్సి వచ్చింది. మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది.

"అది లోపలికొస్తే నేను బయటికి పోతా," అంది.

"కెమెరా ఏం చేస్తుంది? ఎవరినైనా చంపిందా?"

"అదంతా నాకు తెలీదు. మీరే చూసుకోండి."

మీరే చూసుకోండి అన్నమాట మా ఇంట్లో చర్చ ముగిసిందని చెప్పడానికి వాడతారు. ఖాకీ సంచీని కొన్నాళ్ళు మెట్ల కింద పెట్టాను. అక్కడ పిల్లి పడుకుంటోంది. స్కూటరు డిక్కీలో పెట్టాను. కూరగాయలకు పోయినప్పుడల్లా టమాటాలు చేత్తో మోసుకు రావాల్సి వచ్చింది. మదనపల్లెలో టమాటాలు చేత్తో మోసేవాణ్ణి చూస్తే జనం జాలిపడతారు. రెండూ అమ్మి అవతల పారేద్దామని తీర్మానించుకున్నాను.

కానీ అమ్మేముందు ఒక్క పని మిగిలిపోయింది. మా అమ్మ ఫోటో.

మా అమ్మకు ఎనభై దాటాయి. ఫోటోగ్రాఫర్ పెళ్ళాం, ఫోటోగ్రాఫర్ తల్లి, ఆమెకు ఒక్క ఫోటో లేదు. ఆధార్ కార్డులో ఒకటుంది. అందులో ఉన్నది మా అమ్మేనని ప్రభుత్వం నమ్ముతోంది, నేను నమ్మను. ఇంకొకటి, మా నాయన పోయిన రోజు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి నేనే తీసింది. అందులో కుర్చీ కాళ్ళ దగ్గర కొంగు ముఖానికి కప్పుకుని కూర్చున్న మనిషి మా అమ్మ. రేపు ఆమె లేకపోతే నా దగ్గర మిగిలేది ఆ కొంగు. ఈ మాట తలుచుకుంటే నాకు దుఃఖం కంటే ముందు కోపం వస్తుంది. ఎన్నేళ్ళుగానో అడుగుతున్నాను. ఫోను ఎత్తితే తల తిప్పేస్తుంది. డిజిటల్ కెమెరా తెస్తే వంటింట్లోకి పోతుంది. "ఇప్పుడేం తొందర?" అంటుంది. ఎనభై దాటిన మనిషి అనే మాటేనా అది?

రెండు కెమెరాలూ పట్టుకుని కుప్పం బయల్దేరాను. అక్కడ రైల్వే స్టేషను దగ్గర ఒకాయన పాత కెమెరాలు కొని బెంగళూరులో అమ్ముతాడని విన్నాను. దారిలో పుంగనూరులో మా అక్కను చూడకుండా పోతే తర్వాత ఫోన్లో అనాల్సినవి అన్నీ అంటుంది గనక దిగాను. దిగడమే పొరపాటు.

సంచీ చూసి అక్క, "దాన్ని ఆ బండ మీద పెట్టేసి కాళ్ళు కడుక్కుని రా," అంది. గుడ్డలుతికే బండ మీద పెట్టి లోపలికి పోయాను. పెళ్ళి కెమెరాను మాత్రం ఆమె రెండు చేతులా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆమె పెళ్ళి ఫోటోలు మా నాయన దాంతోనే తీశాడు.

"దీన్ని అమ్ముతావా? నాయన చెయ్యిరా ఇది. నీకు మనసెట్ల ఒప్పిందిరా?"

"అయితే నువ్వే పెట్టుకోక్కా. నాకేమీ ఇయ్యొద్దు."

"మా ఇంట్లో చోటు యాడుండాది?"

రెండు మిద్దెలు, మూడు బీరువాలు, పశువులకు వేరే కొట్టం ఉన్న మనిషి ఈ మాట అంది. నేను చుట్టూ చూశాను. ఆమె కూడా చుట్టూ చూసి, "బీరువాల్లో గుడ్డలుండాయి కదరా," అంది. సలహా ఇచ్చేవాళ్ళకు చోటు అక్కర్లేదు, నోరుంటే చాలు. బయటికి వచ్చేసరికి కొట్టంలోని దూడ ఒకటి తాడు తెంచుకొచ్చి ఖాకీ సంచీ పట్టీ నములుతోంది. ఇంత చరిత్ర ఉన్న వస్తువును ఈ లోకంలో భయపడకుండా ముట్టుకున్నది ఆ దూడ ఒక్కటే. దాని నోట్లోంచి పట్టీ లాక్కుని పలమనేరు బస్సెక్కి, అక్కడ మారి కుప్పం చేరాను.

కుప్పం ఆయన నలభై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. టీ తెప్పించి, ముందు పెళ్ళి కెమెరా తీసుకుని, లెన్సులోకి టార్చి వేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అన్నా, దీంట్లో బూజు పట్టుండాది."

"బూజా? బీరువాలో పెట్టినాం. గాలి కూడా సోకలేదు."

"అందుకే పట్టింది. గాలి సోకితే పట్టదు. అయినా నడిమధ్యలో ఈ గుండ్రంగా ఉండేదేంది? బొట్టు పెట్టినట్టుండాది."

టార్చి తీసుకుని నేనూ చూశాను. సరిగ్గా మధ్యలో పసుప్పచ్చ మరక. దాని చుట్టూ సాలెగూడు లాంటి తెల్లటి పోగులు. అది ఏమిటో నాకు క్షణంలో అర్థమైంది. మా అమ్మ గంధం.

ప్రతి ఆయుధ పూజకూ మా ఇంట్లో కత్తిపీటకు, కొడవలికి, మిక్సీకి, స్కూటరుకు, చివరికి గ్యాసు పొయ్యికి కూడా గంధం కుంకుమ పెడుతుంది మా అమ్మ. పెళ్ళి కెమెరాకూ పెడుతుంది. పైన పెడుతోందనుకున్నాను. మర్నాడు తడి కొంగుతో తుడిచి, తోలు పెట్టెలో పెట్టి, బీరువాలో పెట్టి తాళం వేసేది. మళ్ళీ ఏడాదికి బయటికి తీసేది. రీలు కెమెరాలతో పని లేకుండా పోయాక దాన్ని తెరిచి చూసినవాళ్ళు లేరు. ఏడాదికొక బొట్టు చొప్పున ఆమె దాని కన్ను మూసేసింది.

"విడి భాగాలకు పనికొస్తాది," అన్నాడు కుప్పం ఆయన, నా ముఖం చూసి కొంచెం మెల్లగా. తర్వాత చావు కెమెరా తీసి టార్చి వేశాడు. ఆయన ముఖం విప్పారింది.

"ఇది సూడన్నా. కొత్తది మాదిరి ఉండాది. దీన్ని ఎక్కువ వాడినట్టు లేదే?"

"బాగానే వాడినాం. దీని ముందర కూర్చున్నవాళ్ళు కదల్లేదు, రెప్ప కొట్టలేదు. మనిషికి ఒక్కటి తీస్తే సరిపోయింది."

ఆయన నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. అప్పుడు సంగతంతా చెప్పాను. చెప్పకపోయినా నడిచేది, కానీ మా నాయన నేర్పిన పద్ధతి కాదు అది.

"బెంగళూరులో ఇప్పుడు మళ్ళీ రీలు ఫోటోలే ఫ్యాషనన్నా, పెళ్ళిళ్ళకు కూడా. ఇది దేనికి వాడినారని వాళ్ళకు చెప్పేదెవరు?" అన్నాడు. తర్వాత ఒక రీలు నా చేతిలో పెట్టాడు. "దీంతో ఒక రీలు తీసి పంపన్నా. కడిగించేది నా పని. షట్టరు బాగుంటే వెంటనే కొనేస్తా."

పూజలు చేసి, పట్టుచీరల పక్కన దాచిపెట్టింది చెడిపోయింది. గడప దాటనివ్వకుండా మేకుకు వేలాడదీసింది నిగనిగలాడుతోంది. తిరుగు బస్సులో దారి పొడుగునా ఇదే తలుచుకుని పళ్ళు కొరికాను. పక్క సీటాయన పంటి నొప్పా అని అడిగాడు.

ఇంటికొచ్చీ రాగానే మా అమ్మ ముందు కూర్చున్నాను. ఆమె చిక్కుడుకాయలు వలుస్తోంది.

"అమ్మా, కెమెరాకు బొట్టు యాడ పెట్తావు నువ్వు?"

"కంటికి."

"అద్దం మీదా?"

"కన్ను కదరా అది. దానికి పెట్టక ఇంక దేనికి పెట్టేది, మూతికా?"

"ఆ గంధం వల్లే అది చెడిపోయింది. బూజు పట్టింది. ఇంక పనికిరాదు."

"పూజ చేస్తే చెడిపోతుందా యాడన్నా? మీరు వాడక చెడిపోయింది," అని చిక్కుడు గింజ ఒకటి నా చేతికి తగిలేటట్టు గిన్నెలోకి విసిరింది. పశ్చాత్తాపం ఎక్కడా లేదు. ఈమెతో వాదించడం రోట్లో తల పెట్టడమే, దెబ్బలు లెక్కపెట్టుకోకూడదు.

"సరే. అది పోతే పోయింది. ఆ రెండోదాన్ని కుప్పం ఆయన కొంటానన్నాడు. అమ్మేస్తా."

ఆమె చేతులు ఆగిపోయాయి.

"దాన్నా?"

"దాన్నే. పీడా విరగడైపోతుంది."

"దాన్ని అమ్మేస్తే మరి నన్ను దేంతో తీస్తావురా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. మా ఆవిడ వింటోందని తెలిసింది. ఎన్నేళ్ళుగా ఈమె ఫోటో వద్దంటోందని నేననుకున్నాను. ఆమె వద్దనలేదు. తన ఫోటో ఎప్పుడు, ఏ కెమెరాతో, ఎవరి చేత్తో అన్నది ఆమె మనసులో ఎప్పుడో కుదిరిపోయి ఉంది. ఇప్పుడేం తొందర అంటే అర్థం అదన్నమాట.

"మీ నాయన్ను నువ్వే తీసినావు," అంది మళ్ళీ, ఏదో మామూలు విషయం చెప్తున్నట్టు. "బాగానే తీసినావు. నన్ను ఎవడో ఫోన్లో తీస్తే నాకొద్దు. ఫోన్లో తీసింది ఫోటోనా? దీపం ఆరినట్టు ఆరిపోతాది అది."

నాకు అరవాలనిపించింది. అరిచాను కూడా. "బతికుండంగా ఒక్కటి తీయనియ్యవు, చచ్చినాక తీయడానికి మాత్రం అన్నీ సిద్ధం చేసుకుంటివా? ఆ ఫోటో నాకెందుకు? దాన్ని నేను గోడకు తగిలిస్తానా? ముఖం చూపించవే తల్లీ ఒక్కసారి!" అన్నాను. అరవై దగ్గరపడుతున్నవాణ్ణి, చిన్నపిల్లాడిలా మారాం చేశాను. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి గడపలో నిలబడింది. ఈసారి మీరే చూసుకోండి అనలేదు.

మా అమ్మ చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపింది. "అంత ఆశుంటే తియ్యి," అంది. "అయితే దాన్ని అమ్మనని మాటియ్యి."

"ఇస్తా. అమ్మను."

"దాంతో మాత్రం తియ్యొద్దు. అది ఇప్పుడు కాదు. బతికుండేవాళ్ళను తీసే దాంతో తియ్యి."

"అది చెడిపోయిందని చెప్తి కదమ్మా! నీ గంధంతోనే చెడిపోయింది!"

"అయితే నేనేం చేసేది?" అంది, నిజంగానే అందులో తనకేమీ సంబంధం లేనట్టు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఫోను పనికిరాదు. మంచి కెమెరాకు ఇంకా టైము రాలేదు. పనికొచ్చేది పనిచేయదు. మర్నాడు పొద్దున పెళ్ళి కెమెరా లెన్సును మెత్తటి గుడ్డతో తుడిచినంత తుడిచి, కుప్పం ఆయన ఇచ్చిన రీలు అందులో వేశాను. బూజు లోపలి అద్దానికి పట్టింది, గుడ్డకు అందదు. ఎట్లా వస్తే అట్లా వస్తుందిలే అనుకున్నాను.

వరండాలో వెలుతురు చూసి కుర్చీ వేశాను. అదింకో గొడవ.

"కుర్చీ వద్దు," అంది మా అమ్మ.

"కూర్చోలేవు కదమ్మా కింద, మోకాళ్ళు నొప్పి కదా."

"కుర్చీ యాల వేసినావో నాకు తెలీదా? వద్దంటే వద్దు."

గుమ్మం మెట్టు మీద కూర్చుంది. మా ఆవిడ వచ్చి జడ సరిచేయబోతే కసిరింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తుంటే వాళ్ళను కసిరింది. నన్ను మాత్రం కసరలేదు. కెమెరాలోంచి చూస్తే అంతా తెల్లటి పొగ. పొగ వెనకాల మా అమ్మ. తల తిప్పుకోలేదు. నా వైపే చూసింది, తీస్తావా తియ్యవా అన్నట్టు. రీలు అయిపోయేదాకా నొక్కుతూనే ఉన్నాను. "ఎన్ని తీస్తావురా, ఒకటి చాలదా?" అంది. చాలదమ్మా, కదిలేవాళ్ళకు ఒకటి చాలదు అన్నాను.

కుప్పం ఆయన రీలు కడిగించి పంపాడు. హార్స్‌లీ హిల్స్ మీద చలికాలం పొద్దున మనుషులు కనిపిస్తారే, అట్లా వచ్చాయి అన్నీ. అంచులు మంచులో కలిసిపోయాయి. అయినా ముఖం ఉంది. కళ్ళున్నాయి. ముక్కుపుడక కూడా తెలుస్తోంది. నాలుగైదు పెద్దవి చేయించి మా అమ్మకు చూపించాను. దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

"బాగుండాది," అంది. "ముడతలు కనిపించలా. గంధం మంచిదే చేసింది."

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. మా ఆవిడ ఒకదానికి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. అక్క ఫోన్ చేసి తనకూ ఒకటి కావాలంది. ఆమె ఇంట్లో ఇప్పుడు చోటు దొరికింది.

చావు కెమెరా ఇయ్యలేనని కుప్పం ఆయనకు చెప్పాను. "యాలన్నా, రేటు తక్కువనా?" అన్నాడు. కాదు, దాంతో ఇంట్లో పనుందన్నాను. ఏం పనని అడిగాడు. చెప్పలేక ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడు చావు కెమెరా ఇంట్లోనే ఉంది. గడప దాటనిచ్చింది మా ఆవిడే. నా అలమరలో పై అరలో పెట్టింది, నన్నడక్కుండానే. నెలకోసారైనా మా అమ్మ అడుగుతుంది, గ్యాసు బండ అయిపోయిందా అని అడిగినట్టు: "రేయ్, అది పని చేస్తాందా? సూసినావా?" నాకు ఒళ్ళు మండుతుంది. చూశానని అబద్ధం చెబితే నమ్మదు, చప్పుడు వినాలి. సంచీ దించి, కెమెరా తీసి, మీట తిప్పి, బటన్ మీద వేలు పెడతాను. కెమెరా పాడుచేసుకున్నవాళ్ళను నా జీవితమంతా తిట్టాను. అలాంటివాణ్ణి ఇప్పుడు బటన్ నొక్కిన ప్రతిసారీ, పట్టేసుకోవే, తుప్పు పట్టి చావవే, నువ్వు చెడిపోతే ఆమెకు పోయే దారి ఉండదే అని దాన్ని బతిమాలుతాను. అది వినదు. టక్కుమని కొడుతుంది.

"పని చేస్తాందమ్మా," అని కేకేస్తాను.

"మంచిది," అంటుంది మా అమ్మ లోపల్నుంచి.